విల్లు ఏ చెట్టుది?

మా ఇంట్లో ఒక విల్లు ఉండేది. దూలానికి కట్టిన తాడుకు వేలాడుతుండేది. మనిషంత పొడుగు. దాని నారి పేగుతో పేనింది. మా తాత పత్తి కుప్ప ముందు గొంతుక్కూచుని ఆ నారిని కొయ్యగుండుతో కొడితే టుంయ్ టుంయ్‌మని మోగేది. పత్తి పొగమంచులా లేచేది. ఇంటిల్లిపాదీ దగ్గేవాళ్ళం. మేం దూదేకులవాళ్ళం. మా ఇంట్లో తెలుగే మాట్లాడతాం.

ఆరో తరగతిలో ఒకరోజు అయ్యవారు చరిత్ర పాఠం చెబుతున్నారు. తురకలు గుర్రాల మీద వచ్చారట. పరుగు మీదనే బాణాలు కురిపించారట. ఏనుగులెక్కి యుద్ధం చేసే ‘మన’ రాజులు ఓడిపోయారట. క్లాసంతా తలలు తిప్పి నా వైపు చూసింది. పక్కవాడు నవ్వుతూ అన్నాడు, "ఏరా సాయిబూ, మీ ఇంట్లో విల్లుంది కదరా!"

నాకు ఏడుపొచ్చింది. ఆ వింటికి బాణం లేదని వాడికి ఎట్లా చెప్పను? ఇంకో ఏడాది ఒక పెళ్ళిలో ఉర్దూ మాట్లాడే పెద్దాయన మా నాయన్ని పట్టుకుని, "మీరు అసలు ముసల్మాన్లేనా?" అని అడిగాడు. బడిలో నేను గజనీ నుంచి వచ్చినవాణ్ణి. పెళ్ళి పందిట్లో ఎక్కడినుంచీ రానివాణ్ణి.

చాలా ఏళ్ళ తర్వాత విల్లు గురించి చదవడం మొదలుపెట్టాను. యుద్ధాల చరిత్ర చదివితే బాణం ఎవరికి తగిలిందో తెలుస్తుంది. విల్లు చేసినవాడి సంగతి తెలుసుకోవాలంటే మాత్రం ముందు చెట్టు దగ్గరికి పోవాలి. నేనూ పోయాను. మొదట పోయింది అరేబియాకే. ఎందుకంటే నన్ను ‘అక్కడికి పొమ్మని’ చాలామంది చెప్పారు మరి.

ఏడో శతాబ్దపు అరబ్బు కవి అష్షమ్మాఖ్ ఒక విల్లు కథ చెప్పాడు. వాడొక విల్లు చేసేవాడు. ముళ్ళపొదల నడుమ, ఎవరి కంటా పడకుండా పెరిగిన ఒక కొమ్మను చూశాడు. చుట్టూ ఉన్న ఎండుపుల్లల్నీ, పచ్చి రెమ్మల్నీ నరుక్కుంటూ దాని దగ్గరికి చేరాడు. కొమ్మ కొట్టాడు కానీ వెంటనే చెక్కలేదు. బెరడు తీయకుండా రెండేళ్ళు ఆరబెట్టాడు. బెరడులోని నీరంతా కర్ర మెల్లగా తాగాలని అతని లెక్క. తర్వాత దాన్ని సాపు చేసి, వంపు చూసి, నారి కట్టి సంతకు తీసుకుపోయాడు. కొనేవాడు బట్టలూ బంగారం తోలూ అన్నీ ఇస్తానన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు అమ్మెయ్యమని పోరారు. అమ్మాడు. విల్లు చెయ్యి దాటాక ఏడ్చాడు.

చేతిపని చేసే మనిషి కన్నీళ్ళు కావ్యంలోకి ఎక్కడం అరుదు. మన ప్రబంధాల్లో విల్లు పట్టినవాడే తప్ప విల్లు చెక్కినవాడు నాకు కనిపించలేదు. వెతికినవాళ్ళెవరైనా చూపిస్తే సంతోషిస్తాను.

ఇంతకీ రెండేళ్ళు ఎందుకు? పచ్చికర్రతో విల్లు చేస్తే వంచినచోటే ఉండిపోతుంది, వెనక్కి రాదు. బెరడు ఒలిచి ఎండలో పెడితే పైపొర ముందు బిగుసుకుంటుంది, లోపల తడి మిగిలి ఉంటుంది, కర్ర పగుళ్ళిస్తుంది. బెరడుంటే తడి తొందరపడకుండా బయటికి పోతుంది. మన వడ్రంగులు నాగలి దుంగను నీడపట్టున పడేసి నెలల తరబడి ఆగేది అందుకే. ఏ దేశంలోనైనా విల్లు చేసేవాడి మొదటి పనిముట్టు ఓపికే.

విల్లును ఎక్కుపెట్టినప్పుడు దానిలో రెండు బలాలు ఒకదానితో ఒకటి పెనుగులాడతాయి. గురి వైపున్న వీపు సాగుతుంది. విలుకాడి వైపున్న కడుపు నొక్కుకుంటుంది. ఒకే కర్ర ఒక పక్క సాగాలి, ఇంకో పక్క నలగకుండా నిలవాలి, వదలగానే రెండు పక్కలా మొదటి తీరుకు రావాలి. అందుకే గట్టికర్రంతా వింటికి పనికొస్తుందనుకోవడం పొరపాటు. గుమ్మానికి వందేళ్ళు ఉండే కర్ర వింటికి ఒక్క లాగుకే ఫెళ్ళుమనొచ్చు. ఉత్త మెత్తకర్ర అయితే వంగుతుంది కానీ విసరదు. చేవా ఉండాలి, సాగూ ఉండాలి. ముడి ఉండకూడదు, ఎందుకంటే పోగు అక్కడ పక్కకు మళ్ళుతుంది, తెగడం అక్కడే మొదలవుతుంది. కర్రను రంపంతో కోసేదానికంటే చీల్చడం మేలు. రంపం పోగును అడ్డంగా తెంపుకుంటూ పోతుంది. చీలిక పోగు వెంటే పోతుంది, కర్ర తన దారిని తానే చూపిస్తుంది. చీల్చని నిండు కొమ్మతో చేసిన వింటికి అరబ్బులు ‘ఖదీబ్’ అనీ, చీల్చిన కొమ్మతో చేసినదానికి ‘ఫిల్ఖ్’ అనీ వేరు వేరు పేర్లు పెట్టుకున్నారంటే వాళ్ళకీ తేడా ఎంత ముఖ్యమో తెలుస్తుంది.

ఆ కొమ్మ ఏ చెట్టుది? అరబ్బుల వింటి చెట్టు పేరు నబ్అ. తొమ్మిదో శతాబ్దంలో చెట్ల మీద పెద్ద గ్రంథం రాసిన అబూ హనీఫా అద్దీనవరీ దాని కర్ర పసుపు రంగులో ఉంటుందనీ, చేతికి బరువుగా తగులుతుందనీ, పాతబడేకొద్దీ ఎరుపెక్కుతుందనీ రాశాడు. పట్టూ మెత్తదనమూ రెండూ కలిసినందువల్ల మిగతా విల్లులన్నీ నబ్అ విల్లు ముందు దిగదుడుపేనని పాత నిఘంటుకారుల మాట. ప్రవక్త మహమ్మద్ విల్లుల్లో ‘సఫ్రా’, అంటే పసుపుపచ్చనిది, అని పేరున్నది ఈ కర్రదేనని సంప్రదాయం చెబుతుంది.

నన్ను ఆపేసిన సంగతి ఇంకొకటుంది. అరబీలో వింటి చెట్టుకు మూడు పేర్లున్నాయి. నబ్అ, షిర్యాన్, షౌహత్. మూడూ ఒకే చెట్టేనంటాడు భాషాపండితుడు అల్ ముబర్రద్. కొండ కొసన మొలిస్తే నబ్అ. వాలులో మొలిస్తే షిర్యాన్. కొండ పాదాన మొలిస్తే షౌహత్. మొలిచిన చోటు గొప్పదనాన్ని బట్టి పేరు మారుతుందట!

ఇది చదివినప్పుడు నాకు ఆ పెళ్ళి పందిరి గుర్తొచ్చింది. సయ్యద్, షేక్, మొగల్, పఠాన్ కొండ మీద. దూదేకుల, లద్దాఫ్, కసాబ్, ఫకీర్ కొండ కింద. పైవాళ్ళు అష్రాఫ్, కిందివాళ్ళు అజ్లాఫ్. మతంలో లేని మెట్లు మనుషుల్లో ఉన్నాయి. అయితే అరబ్బు విల్లువాడి పక్షాన ఒక మాట చెప్పాలి. అతను ఆ తేడాను వంశం కోసం చూడలేదు. పైన రాళ్ళ సందున నీళ్ళు చాలక నిదానంగా పెరిగిన కర్ర తీరు వేరు, కింద వాగు తడికి ఏపుగా పెరిగిన కర్ర తీరు వేరు. వాడికి కావలసింది ఆ గుణం. పైగా కింద మొలిచిన షౌహత్‌తోనూ విల్లులు చేశారు, ప్రవక్త విల్లుల్లో షౌహత్‌వీ ఉన్నాయని అదే సంప్రదాయం చెబుతుంది. కొండ దిగిన చెట్టుకు ఎవరూ చెట్టరికం తీసెయ్యలేదు. మనుషుల దగ్గరికొచ్చేసరికి మాత్రం చోటు కాస్తా కులమై కూచుంది.

ఈ నబ్అ అంటే ఏ చెట్టని పండితులు తేల్చారో చూశాక నాకు ఇంకా ఆశ్చర్యం వేసింది. వృక్షశాస్త్రంలో అది గ్రీవియా. ఆ జాతి చెట్లు మనకు కొత్తవా? ఎండాకాలం బండి మీద అమ్మే ఫాల్సా పళ్ళు గ్రీవియావే. మన అడవుల్లో చరాచి అనీ, తడ అనీ పిలిచే చెట్టు గ్రీవియానే. హిందీలో ధామన్ అంటారు. సంస్కృతంలో దాని పేరు ధన్వనం. పేరులోనే ధనువుంది!

చరాచి కర్ర సాగుతుంది, ఊగుతుంది, తొందరగా విరగదు. కావడి బద్దకూ, బండి ఏర్కాలకూ, తెడ్లకూ ఆ జాతి కర్రను ఏరికోరి వాడేవాళ్ళని దొరల కాలపు అటవీ గ్రంథాలు నమోదు చేశాయి. కావడి బద్ద సంగతి ఆలోచించండి. రెండు కడవల బరువుకు వంగాలి, అడుగు అడుగుకూ ఊగాలి, భుజం ఒరుసుకుపోకుండా బరువును తానే మింగాలి. వింటి గుణమూ అదే కదా. హిజాజ్ కొండల్లో విల్లు చేసేవాడూ, దక్కన్ అడవి పక్కన కావడి బద్ద చేసేవాడూ ఒకరి మొహం ఒకరు చూడలేదు. ఇద్దరి చెయ్యీ ఒకే జాతి చెట్టు మీద పడింది. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారు? ఎవరూ ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. కర్రే ఇద్దరికీ నేర్పింది.

మన దగ్గర విల్లు అనగానే ఇంకో మొక్క చెప్పుకోవాలి. వెదురు. క్రీస్తుపూర్వం 480లో పర్షియా చక్రవర్తి జెర్‌క్సీస్ గ్రీసు మీదికి పోయినప్పుడు అతని సైన్యంలోని ఇండియా వాళ్ళ చేతుల్లో వెదురుజాతి గడల విల్లులున్నాయని హెరడోటస్ రాశాడు. అర్థశాస్త్రం నాలుగు రకాల విల్లులు చెప్పింది. తాటివి, వెదురువి, కర్రవి, కొమ్ముతో చేసినవి. నారికి చాగ, జిల్లేడు, జనుము, వెదురు, స్నాయువు వాడొచ్చంది. జిల్లేడు నారతో వింటినారి! మన ఊరి బయట ఎవరూ ముట్టని మొక్క అది.

ఆ నాలుగో రకం దగ్గర కాసేపు ఆగండి. కొమ్ముతో చేసిన విల్లు శార్ఙ్గం. విష్ణువు శార్ఙ్గపాణి. పాత తెలుగులో వింటికి సింగిణి అనే మాట ఉంది. అందులోనూ కొమ్మే ఉంది. బడిలో అయ్యవారు చెప్పిన గుర్రపు తురకల విల్లు కూడా కొమ్ముదే. అంటే ‘వాళ్ళ’ ఆయుధం పేరు దేవుడి చేతిలో ముందే ఉంది. తురకలు రాకముందే వాళ్ళ విల్లు ఇక్కడికి వచ్చిందని వాదించడం నా ఉద్దేశం కాదు. మధ్యాసియా గుర్రపు విల్లు పనితనం వేరు, దాని బలం వేరు. చెప్పొచ్చేదేమంటే, కొమ్మును కర్రకు అతికించి విల్లు చెయ్యాలన్న ఆలోచనకు ఒకే సొంతదారు లేడు.

కొమ్మువిల్లు మీద ముస్లిముల్లోనే పెద్ద గొడవ జరిగింది. ప్రవక్త ఒకాయన చేతిలో పారసీ విల్లు చూసి పారెయ్యమన్నారనీ, అరబ్బు విల్లే పట్టమన్నారనీ ఇబ్ను మాజా సంకలనంలో ఒక హదీసు ఉంది. దాని పరంపర బలహీనమైనదని హదీసు పండితులే అంటారు. అయినా తర్వాతి శతాబ్దాల విలువిద్యా గ్రంథాలు దాన్ని దాటిపోలేకపోయాయి. సుమారు 1500 ప్రాంతాన మొరాకోలో ఒక అజ్ఞాత రచయిత రాసిన గ్రంథం 1945లో ఇంగ్లీషులోకి వచ్చింది. అందులో కూడా అరబ్బు విల్లా, పారసీ విల్లా అన్న చర్చ ఉంది. కొందరు పండితులు దారి తీశారు. ఆనాడు పారసీ విల్లు శత్రువు చేతిదని వద్దన్నారు, ఇప్పుడు ఆ దేశమే ఇస్లాంలోకి వచ్చాక అడ్డేముంది అన్నారు. ఈలోపల విలుకాళ్ళు ఎవరినీ అడక్కుండానే కొమ్మువిల్లు పట్టేశారు. గుర్రం మీద పొడుగాటి కర్రవిల్లు తిప్పడం కష్టం. కొమ్మువిల్లు పొట్టి, బలం ఎక్కువ. అసలైన ఇస్లామీ విల్లు ఏదన్న ప్రశ్నకు జవాబు ముఫ్తీలకంటే ముందు గుర్రాలు చెప్పాయి.

ఈ కొత్త వింటిలో కర్ర పని మారిపోయింది. కడుపు వైపు కొమ్ము అతికిస్తారు, నొక్కుడు అది భరిస్తుంది. వీపు వైపు పశువుల కాళ్ళ స్నాయువును పీచులుగా దంచి, జిగురులో తడిపి, పొరలు పొరలుగా పరుస్తారు, సాగడం దాని పని. నడుమ సన్నటి కర్ర. మరి దానికేం పని? రెంటినీ కలిపి పట్టుకోవడం. ఇప్పుడు చేవకంటే జిగురును పట్టే గుణం ముఖ్యం. నూనె కారే కర్ర పనికిరాదు. పోగు సన్నగా, తిన్నగా, ఒకే తీరుగా ఉండాలి. ఆవిరికి వంగి, వంగినట్టు నిలవాలి. తుర్కీ ఉస్తాదులు అందుకు మేపుల్ చెట్టును ఎంచుకున్నారు. కర్రను ఒకే ముక్కగా కాకుండా పిడికిలి, రెండు రెక్కలు, రెండు కొసలు ఇట్లా ఐదు ముక్కలుగా చెక్కి, చేప తోకలా కోసిన అతుకులతో జిగురుపెట్టి కలిపేవాళ్ళు. వాళ్ళ జిగుర్లలో మేలైనది డాన్యూబు నదిలోని స్టర్జన్ చేప నోటి పైభాగపు చర్మాన్ని కాచి తీసింది. పొర వేశాక ఆరాలి, మళ్ళీ పొర, మళ్ళీ ఆరాలి. ఒక విల్లు పూర్తవడానికి ఏడాది, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ. సుల్తాన్ రెండో మహమూద్ చెప్పగా ముస్తఫా కానీ ఈ విద్యంతా గ్రంథస్థం చేశాడు. అది 1847లో అచ్చయింది. అప్పటికి విల్లు కాలం తీరిపోయింది. మన తాతల వైద్యాలన్నీ డాక్టరు ఊళ్ళోకి వచ్చాకే పుస్తకాలకెక్కినట్టు. ఇస్తాంబుల్‌లోని ఓక్‌మైదానంలో 800 మీటర్లు దాటిన బాణాలకు గుర్తుగా నిలిపిన రాళ్ళున్నాయి. వాటిలో బాణం వేసినవాళ్ళ పేర్లు చెక్కి ఉంటాయి. విల్లు చేసినవాడికి గజం రాయి కూడా దక్కలేదు.

అరబీ గ్రంథాల్లో ఈ కూడిక వింటిని మనిషి దేహంతో పోల్చారు. కర్ర ఎముక. కొమ్ము మాంసం. స్నాయువు రక్తనాళం. జిగురు నెత్తురు. ఈ పోలిక గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనిబడుతుంది.

పదమూడో శతాబ్దంలో ఢిల్లీ సుల్తాను ఇల్‌టుట్‌మిష్‌కు అంకితమిచ్చిన యుద్ధశాస్త్ర గ్రంథంలో ఫఖ్రె ముదబ్బిర్ దేశదేశాల విల్లుల్ని వరసపెట్టాడు. గజనీవీ, లాహోరువీ, హిందువీ పక్కపక్కనే ఉన్నాయి. వెదురుతో చేసే హిందువీ విల్లు దూరం పోదు కానీ దగ్గర్నుంచి తగిలితే గాయం చెడ్డదని రాశాడు. లాహోరు విల్లు అప్పటికే ఒక రకం! వచ్చినవాళ్ళు ఇక్కడి ఊరి పేరుతో విల్లు చేసుకుంటున్నారన్నమాట. విల్లుకు దేశం మార్చుకోవడానికి రెండు తరాలు చాలవు కాబోలు గానీ, మన పాఠ్యపుస్తకాలకు 800 ఏళ్ళు కూడా చాలలేదు.

మొగలుల కాలానికి ఈ విల్లు ఇక్కడిదే అయిపోయింది. కొమ్ము మన గేదెది. స్నాయువు మన పశువులది. నారి పట్టుది. పైన లక్కరంగు, పూలతీగెలు. నారి విప్పితే ముందుకు ముడుచుకుని ఎండ్రకాయ కాళ్ళలా కనిపించే ఆకారం. 17వ శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి డాక్టరు బెర్నియే, తుపాకివాడు రెండుసార్లు కాల్చేలోగా గుర్రపు విలుకాడు ఆరు బాణాలు వేస్తాడని మెచ్చుకున్నాడు. ఒక్క వానాకాలమే దాని శత్రువు. జిగురుకు తేమ పడదు. ముసురు పట్టిందంటే అతుకు మెత్తబడుతుంది. అందుకే ఇక్కడి కమ్మరులు అచ్చంగా ఉక్కుతో విల్లులు చేసి ఆయుధశాలల్లో దాచేవాళ్ళు. కొమ్మువింటి విసురు వాటికి రాదు, కాని ఎన్ని వానాకాలాలైనా ఉంటాయి. ఈ దేశపు గాలికి తగ్గట్టు మారిన సంగతి ఇంతకంటే ఎట్లా చూపిస్తాం?

‘పరాయి కర్ర’ మాట వచ్చింది కాబట్టి ఇంగ్లీషువాళ్ళ సంగతి ఒకటి. 1415లో అజాంకూర్ దగ్గర ఫ్రెంచివాళ్ళను ఓడించిన పొడుగు విల్లు వాళ్ళ జాతి గౌరవం. అది యూ చెట్టు కర్ర. బెరడు కింది తెల్లకర్ర వీపుకు, లోపలి ఎర్రచేవ కడుపుకు వచ్చేటట్టు చెక్కితే ఒక్క కర్రలోనే రెండు గుణాలూ దొరుకుతాయి. అయితే వాళ్ళ దేశంలో దొరికే యూ చాలక విదేశాల నుంచి తెప్పించుకున్నారు. 1472లో ఏకంగా చట్టం చేశారు. సరుకుతో రేవులోకి వచ్చే ఓడ టన్నుకు నాలుగు వింటి కర్రలు తేవాలని! ఇంగ్లండు విల్లును పరాయిదని అక్కడి బడుల్లో ఎవరూ చెప్పరు.

మళ్ళీ మన దగ్గరికి. ఈ విల్లులు చేసినవాళ్ళు కమాన్‌గర్లు. ముస్లిం చేతిపనివాళ్ళు. కమాన్ అంటే విల్లు. హైదరాబాదులో చార్మినారు పక్కన చార్‌కమాన్ కింద రోజూ నడిచే జనం నాలుగు విల్లుల కిందినుంచి పోతున్నట్టే. కోట వంపుకూ కమానే, లారీ కింద బరువు మోసే ఉక్కు పట్టీలకూ కమానే. మాట అన్నిచోట్లా మిగిలింది. మనుషులే మిగల్లేదు.

తుపాకి బాగుపడింది. కుంపిణీ వచ్చింది. సంస్థానాల సైన్యాలు పోయాయి. విల్లు బహుమానం ఇచ్చుకునే వస్తువైంది. 1881 పంజాబు జనాభా లెక్కల నివేదికలో ఇబ్బెట్‌సన్, కమాన్‌గర్లు ఇప్పుడు కొయ్య సామాన్ల మీద రంగుల పని చేసుకుంటున్నారని రాశాడు. పాత విల్లుల మీద పూలతీగెలు వేసిన చేతులే కదా, నగిషీ మిగిలింది. ఉర్దూలో కమాన్‌గర్ అన్న మాటకు ఇంకో అర్థం కూడా స్థిరపడింది. విరిగిన ఎముకలు కట్టేవాడు. కర్రను ఎముకగా, స్నాయువును నరంగా చూస్తూ అతుకు పెట్టినవాడికి చెయ్యి విరిగిన మనిషి కొత్తగా కనిపించి ఉండడు. గ్రంథంలో పోలికగా రాసింది వీధిలో బతుకుతెరువైంది.

కచ్ ప్రాంతపు కమాన్‌గర్లు గోడల మీద బొమ్మలేసేవాళ్ళయ్యారు. వర్తకుల ఇళ్ళల్లో, కోటల్లో ఊరేగింపులూ, ఓడలూ, దేవుళ్ళూ గీశారు. ఆ చిత్రకళకు ఇప్పటికీ కమాన్‌గరీ అనే పేరు. తేరా కోట గోడల మీద రామాయణం వేసింది వాళ్ళే. అంటే రాముడి చేతిలో కోదండాన్ని గీసినవాడు విల్లులు చేసే ముసల్మాను వంశంవాడు. ఏ కర్ర ఎక్కడ వంగుతుందో, పిడికిలి ఎంత లావుండాలో, నారి ఎక్కడ తగులుకుంటుందో తెలిసినవాడు. 2001 జనవరి 26న వచ్చిన భూకంపంలో కచ్‌లో ఇట్లాంటి గోడలు చాలా కూలిపోయాయి. గోడలు కూలిన ఏడాదికే, 2002లో, గుజరాత్‌లో ఏం జరిగిందో అందరికీ తెలుసు. దాని గురించి వేరేగా రాయాలి.

ముస్లిం చరిత్ర అంటే నవాబుల చరిత్ర అని బయటివాళ్ళూ అంటారు, లోపలివాళ్ళూ అంటారు. బయటివాళ్ళకు నిందించడానికి నవాబు కావాలి. లోపలివాళ్ళకు మురిసిపోవడానికి నవాబు కావాలి. కమాన్‌గర్ ఎవరికీ అక్కర్లేదు. దూదేకులవాడు అసలే అక్కర్లేదు.

మా ఇంటి విల్లు మాటతో మొదలుపెట్టాను కాబట్టి అదేమైందో చెబుతాను. దూదేకుల వింటి కర్రకు వేటవింటి కర్రకు ఉండాల్సిన గుణం ఉండకూడదు. అది వంగకూడదు. నారి మోగాలంటే కర్ర బిర్రుగా నిలబడాలి, ఊగితే దూది విడదు. ఇన్నాళ్ళూ వంగే కర్ర గురించి చదివి, మా నాయన్ని ఒకసారి అడిగాను, మన విల్లు ఏ కర్ర నాయనా అని. ఆయన చాలాసేపు ఆలోచించాడు. "మీ తాత ఎక్కడ తెచ్చాడో. నేను పుట్టేసరికే ఉండింది," అన్నాడు. అప్పటికే మా ఊరికి దూది ఏకే మిషన్ వచ్చి పాతికేళ్ళయింది. ఈమధ్యనే ఇంకో సంగతి చదివాను. గ్రీవియా చెట్టునూ పత్తిమొక్కనూ ఇప్పుడు వృక్షశాస్త్రజ్ఞులు ఒకే కుటుంబంలో చేర్చారట. నాయన ఉంటే చెప్పి ఉండేవాణ్ణి.

పేగునారి ఎలుకలు కొరికేశాయి. కొయ్యగుండు ఏమైందో తెలీదు. కర్రను మాత్రం మా తమ్ముడు పెరట్లో రెండు గుంజల మీద అడ్డంగా కట్టాడు. మా మరదలు దాని మీద బట్టలారేస్తుంది. తడిబట్టల బరువుకు అది ఇప్పటికీ వంగలేదు.